మన ఎండకు ఏ ప్లగ్గు?

ఏప్రిల్ రాగానే కర్నూలులోనైనా కడపలోనైనా మెకానిక్ షెడ్ల దగ్గర ఒక మాట వినబడుతుంది: "ఎండలు ముదిరినాయి సార్, కోల్డ్ ప్లగ్గులు వేయించుకోండి, ఇంజన్ చల్లగా ఉంటుంది." మా మనవడు నంద్యాలలో పాత పెట్రోలు కారు ఒకటి కొని, ఆ మాటను కూడా దాంతోపాటే మోసుకొచ్చినాడు. "తాతా, మన ఎండకు ఏ నంబరు వేయించేది?" అని వాడి ప్రశ్న.

రా అబ్బీ, ముందు లెక్క చూద్దాం. కర్నూల్లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు అనుకో. సంక్రాంతి ముందు తెల్లవారుజామున 18 అనుకో. తేడా 26. నీ ఇంజన్ సిలిండరులో పెట్రోలు అంటుకున్న క్షణాన ఆ వాయువు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటలో కూర్చున్న ప్లగ్గుకు బయట ఏ కాలం నడుస్తోందో పట్టదు. దానికి తోడు రేడియేటరు దారిలో థర్మోస్టాట్ అని ఒకటుంది. ఇంజన్‌లో తిరిగే నీళ్ళు 90 డిగ్రీల దరిదాపుల్లో ఉండేట్టు అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వేడిగాలి పీల్చితే లోపలి వేడి కాస్త పెరగదా అంటే, పెరుగుతుంది, కాదనను. ఆ కాస్తను కంపెనీవాళ్ళు ముందే లెక్కలో వేసుకొని నంబరు పెడతారు. అదే బండిని వాళ్ళు సిమ్లాలోనూ అమ్మాలి, మన ఎమ్మిగనూరులోనూ అమ్మాలి కదా.

మరి కోల్డ్ ప్లగ్గు, హాట్ ప్లగ్గు అనే మాటలు ఉత్తవా? ఉత్తవి కావు. కానీ ఆ వేడి వేరు, మన ఎండ వేరు. అది తెలియాలంటే ఇదిగో, ఈ పాత ప్లగ్గు చేతిలోకి తీసుకో.

పైన వైరు తగిలించే మొన. దాని కింద తెల్లటి పింగాణీ ఒళ్ళు, దాని మీద మెట్లు మెట్లుగా గట్లు. నడుమ స్పానరు పట్టే ఆరు పలకల ఇనుము. కింద మరలు. అడుగున పింగాణీలోంచి తొంగిచూసే సన్నటి మొన, దాని మీదికి వంగిన కొక్కెం. ఆ రెండింటి మధ్య సందునే మెకానిక్కులు గ్యాప్ అంటారు. బండిని బట్టి 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. లక్షలు పోసి కొన్న బండి ఆ సందులో రవ్వ పడితేనే కదులుతుంది.

రవ్వ పడటం అంత సులువు కాదు. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. మిల్లీమీటరు మందం గాలిని చీల్చుకొని కరెంటు దూకాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి, అదీ మన చుట్టూ ఉండే మామూలు గాలికి. సిలిండరులో పిస్టను పైకొచ్చి గాలిని పెట్రోలు ఆవిరితో కలిపి బిగించి నొక్కి ఉంటుంది. నొక్కిన గాలిని చీల్చడం ఇంకా కష్టం. అందుకని 10 వేలు, 20 వేలు, ఒక్కోసారి అంతకు మించి వోల్టులు అవసరమవుతాయి. బ్యాటరీ ఇచ్చేది 12. ఆ పన్నెండును అన్ని వేలు చేసేది ఇగ్నిషన్ కాయిల్.

ఇక్కడ ఒక మోసం ఉందబ్బీ. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజన్ ఒంటికి ఆనించి సెల్ఫ్ కొట్టి, "చూడండి సార్, రవ్వ ఎంత బాగా వస్తాందో, ప్లగ్గు మంచిదే" అని చూపిస్తారే, ఆ పరీక్ష సగం పరీక్షే. బయట గాలిలో 3000 వోల్టులకే రవ్వ పడుతుంది. లోపలి ఒత్తిడిలో అదే ప్లగ్గు చేతులెత్తేయవచ్చు. బయట రవ్వ రాకపోతే ఎక్కడో లోపం ఉన్నట్టే, అది ప్లగ్గుదో, వైరుదో, కాయిల్‌దో చూసుకోవాలి. బయట వచ్చినంత మాత్రాన ప్లగ్గు బాగున్నట్టు మాత్రం కాదు. పైగా ఈ కాలం కంప్యూటరు బండ్లలో అట్లా చేస్తే కాయిల్ దెబ్బతినే ప్రమాదం ఉంది, పక్కన పెట్రోలు ఆవిరి ఉంటే ఇంకో ప్రమాదం. వద్దు.

దాని పని ఎంతుంటుందో కూడా చూడు. కర్నూలు నుంచి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు నాలుగు గంటలు పట్టిందనుకుందాం. ఇంజన్ సగటున నిమిషానికి 2500 చుట్లు తిరిగింది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు రెండు చుట్లకొక రవ్వ కావాలి. అంటే నిమిషానికి 1250. కడప చేరేసరికి ఒక్కో ప్లగ్గు 3 లక్షల సార్లు రవ్వ కొట్టింది, నాలుగూ కలిపి 12 లక్షలు. ప్రతి రవ్వా మొన లోహాన్ని కంటికి కనబడనంత కొరుకుతుంది. అట్లా అరిగి అరిగి గ్యాప్ పెరుగుతుంది, గ్యాప్ పెరిగే కొద్దీ ఎక్కువ వోల్టులు కావాలి, ఆ బరువంతా కాయిల్ మీద పడుతుంది. యాభై వేల కిలోమీటర్లు తిరిగినా బండి లేస్తానే ఉంది కదా అని పాత ప్లగ్గులతో నెట్టుకొచ్చేవాళ్ళు చివరికి ప్లగ్గుతోపాటు కాయిల్‌కు కూడా డబ్బులు కడతారు.

ఈ ప్లగ్గు పుట్టింది దూరదేశాల్లో అయినా, మనకు చానా దగ్గరి ఊరి నుంచే వచ్చేది. 1860లో పారిస్‌లో లెన్వార్ అనే ఆయన గ్యాసుతో నడిచే ఇంజన్‌కు విద్యుత్ రవ్వను వాడినాడు. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు హోనోల్డ్ ఎక్కువ వోల్టుల మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును తయారుచేసినాక మోటారు బండ్లకు దారి సాఫీ అయింది. ఆ బాష్ వాళ్ళ తోడ్పాటుతోనే 1951లో మైకో కంపెనీ పుట్టింది, బెంగుళూరులో ప్లగ్గులు తయారయ్యేవి. మీ నాయన కాలంలో అంగట్లో "మైకో ప్లగ్గు" అని అడిగేవాళ్ళు, ఉత్త ప్లగ్గు అనేవాళ్ళు కాదు. 2008లో ఆ పేరు పోయి బాష్ లిమిటెడ్ అయింది. పెద్దవాళ్ళ నోట్లో మాత్రం ఇప్పటికీ మైకోనే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నడి మొన చుట్టూ ఉండే పింగాణీ ముక్కు ఉంది చూడు, దాని కొస వేడి 450 డిగ్రీలకు తగ్గకూడదు, 850 దాటకూడదు. 450కి తగ్గితే దాని మీద పడిన మసి కాలిపోదు, పేరుకుంటుంది. మసి అంటే కార్బన్, కరెంటును పోనిస్తుంది. అప్పుడు కరెంటు గ్యాప్‌లో దూకకుండా ఆ మసి వెంబడే జారి ఇనుములోకి దిగిపోతుంది. రవ్వ లేదు, ఇంజన్ మిస్సింగ్. అదే కొస 950 డిగ్రీలకు పోయిందంటే ఎర్రగా కాలి, రవ్వ పడకముందే అదే పెట్రోలును అంటిస్తుంది. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురొస్తే పిస్టనుకు బొక్క పడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

కొసకు పట్టిన వేడి ఎటు పోవాలి? పింగాణీ గుండా ఇనుములోకి, మరల గుండా ఇంజన్ హెడ్‌లోకి, అక్కడి నుంచి రేడియేటరు నీళ్ళలోకి. కేసీ కాలువ సంగతి నీకు చెప్పనక్కరలేదు. సుంకేసులలో వదిలిన నీళ్ళు కర్నూలు పక్క పొలాలకు గబగబా చేరతాయి, కడప చివరి ఆయకట్టుకు దారి పొడుగు కాబట్టి ఎప్పటికో చేరతాయి. వేడి కూడా అంతే. పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటే వేడి దగ్గర దారిన వెంటనే దిగిపోతుంది, కొస చల్లగా ఉంటుంది. అది కోల్డ్ ప్లగ్గు. ముక్కు పొడుగ్గా ఉంటే వేడి దిగడం ఆలస్యం, కొస వేడిగా ఉంటుంది. అది హాట్ ప్లగ్గు. అంతే తప్ప హాట్ ప్లగ్గు రవ్వ ఎక్కువ వేడిదీ కాదు, కోల్డ్ ప్లగ్గు ఇంజన్‌ను చల్లబరిచేదీ కాదు. ప్లగ్గు తన కొసను తాను చూసుకుంటుంది.

కాబట్టి "ఎండకాలం కదా" అని కోల్డ్ ప్లగ్గు వేయిస్తే ఏమవుతుంది? నీ బండి పొద్దున బజారుకు, సాయంత్రం బస్టాండుకు, అంతే కదా. రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండిలో ప్లగ్గు కొస 450కి చేరేలోపే తాళం తీసేస్తావు. నడి వేసవిలోనే మసి పట్టి మిస్సింగ్ మొదలవుతుంది. అప్పుడు ఇంకో షెడ్డుకు పోతే పెట్రోలు బాలేదంటారు. కోల్డ్ ప్లగ్గు అవసరమయ్యేది పందేల బండ్లకు, ఇంజన్‌ను మార్చి బలం పెంచినవాటికి. గువ్వలచెరువు ఘాటు, దోర్నాల ఘాటు రోజూ ఎక్కినా కంపెనీ చెప్పిన ప్లగ్గు తట్టుకుంటుంది.

ప్లగ్గు కంపెనీల నంబర్లలో ఇంకో తిరకాసు ఉంది. ఎన్‌జీకే వాళ్ళకు నంబరు పెరిగే కొద్దీ కోల్డ్. డెన్సో వాళ్ళకూ అంతే, కాకపోతే వాళ్ళ నంబర్లు 16, 20, 22 అని నడుస్తాయి. బాష్ వాళ్ళది తలకిందులు, నంబరు పెరిగే కొద్దీ హాట్. ఎన్‌జీకే 6, డెన్సో 20, బాష్ 7, ఈ మూడూ దాదాపు ఒకటే. ఇది తెలియకుండా బాష్ 7 ఉన్నచోట "ఒక నంబరు చల్లది ఇద్దాం" అని 8 చేతిలో పెట్టే అంగడివాళ్ళు ఉన్నారు. చల్లదనుకొని హాట్ ప్లగ్గు వేసుకొచ్చినట్టు. కంపెనీ మారితే నంబరును చూసి పోల్చవద్దు, బండి పేరు, సంవత్సరం చెప్పి ఆ కంపెనీ పట్టికలో చూపించమను. అన్నిటికంటే మేలు, బండితో వచ్చిన పుస్తకం. పాత బండికి పుస్తకం ఇవ్వలేదంటావా, ఇంజన్ మీదో బానెట్ లోపలో స్టిక్కరు ఉందేమో చూడు.

ఎండ నిర్దోషి అని తేలింది. అయితే మన సీమ బండ్లలో ప్లగ్గులు తొందరగా పాడు కావడం నిజం కాదా? నిజమే. దోషులు ఇద్దరు, బోరు నీళ్ళు, దుమ్ము.

మనది సున్నపురాయి దేశం. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వచ్చినాయి, బెలూం గుహలు అందుకే ఏర్పడినాయి. ఆ రాతిని కరిగించుకున్న నీళ్ళే మన బోర్లలో ఊరేది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గోకినా రాదు కదా, ఆ పొరే రేడియేటరులోనూ, ఇంజన్ లోపలి నీటి సందుల్లోనూ పడుతుంది. ఆ పొర వేడిని దాటనివ్వదు. రోడ్డు పక్కన ఆపి బోరు నీళ్ళు పోసే అలవాటు ఉన్న బండిలో హెడ్ చల్లబడదు, ప్లగ్గు వేడి దిగే దారి అక్కడే మూసుకుపోతుంది. అప్పుడు సరైన నంబరు ప్లగ్గు కూడా మాడిపోతుంది. జనం ప్లగ్గును తిడతారు, ఎండను తిడతారు. కూలెంటు, అది లేనప్పుడు డిస్టిల్డ్ వాటరు, ఈ రెండూ తప్ప రేడియేటరులో ఇంకేదీ పోయవద్దు.

దుమ్ము సంగతి. కోవెలకుంట్ల పక్క నల్లరేగడి దుమ్ము, బేతంచెర్ల పక్క నాపరాళ్ళ దుమ్ము, దేని తీరు దానిది. పాత కార్బొరేటరు బండ్లలో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. కొత్త బండ్లలో కంప్యూటరు గాలిని కొలిచి పెట్రోలు తగ్గిస్తుంది కాబట్టి మసి అంత పట్టదు, పికప్ పోతుంది. ఫిల్టరు మూసుకుపోవడం కంటే చినిగిపోవడం ప్రమాదం. దుమ్ము లోపలికి పోతే రింగులను, సిలిండరు గోడను అరగదీస్తుంది. అరిగిన సందుల్లోంచి ఆయిలు పైకొస్తుంది, ప్లగ్గు జిడ్డుగా తడుస్తుంది.

విప్పిన ప్లగ్గులను వరుస తప్పకుండా ఏ సిలిండరుది ఆ సిలిండరు లెక్కన బండ మీద పెట్టి చూడు. కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, లేదా బండి దగ్గర తిరుగుళ్ళకే వాడుతున్నావు. తెల్లగా పాలిపోయి బొబ్బలు లేచి ఉంటే వేడి ఎక్కువైంది, రేడియేటరు చూసుకో. జిడ్డు నలుపు ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో. నాలుగింటిలో ఒక్కటే తేడాగా ఉంటే ఆ ఒక్క సిలిండరులోనే జబ్బు. పింగాణీ ఇనుములోకి దిగే చోట చుట్టూ గోధుమరంగు మరక కనబడితే "గ్యాసు లీకవుతోంది" అంటారు కొందరు. చానాసార్లు అది లీకు కాదు. అక్కడి వోల్టుల బలానికి చుట్టూ ఉన్న ఆయిలు ఆవిరి, దుమ్ము వచ్చి అంటుకున్న మరక. ప్లగ్గుకేమీ కాదు.

పత్తికి, మిరపకు మందు కొట్టే టూస్ట్రోక్ స్ప్రేయర్ల కథ వేరు. వాటిలో ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాం కాబట్టి ప్లగ్గు నల్లబడటం మామూలే. వెనకటి స్కూటర్లూ అంతే, డిక్కీలో ప్లగ్గు స్పానరు, గుడ్డలో చుట్టిన స్పేర్ ప్లగ్గు లేకుండా ఎవరూ ఊరు దాటేవాళ్ళు కాదు. ఇక డీజిల్ బండ్లకు స్పార్క్ ప్లగ్గే ఉండదు. అక్కడ గాలిని నొక్కిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. హీటర్ ప్లగ్గు అనేది చలికి స్టార్టింగ్ కోసం పెట్టింది. మన ఊళ్ళో జీపుల డ్రైవర్లు ఈ కబుర్లు వినకపోయినా నష్టం లేదు.

లోహం ఏది తీసుకోవాలి అనేది తర్వాతి ప్రశ్న. మామూలు ప్లగ్గు మొన నికెల్ మిశ్రమం, వేడి దిగడానికి లోపల రాగి. నికెల్ 1455 డిగ్రీలకు కరుగుతుంది, ప్లాటినం 1768కి, ఇరిడియం 2446కి. గట్టి లోహమైతే మొనను సన్నంగా చెక్కవచ్చు, ఇరిడియం మొన అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టులకే రవ్వ దూకుతుంది, అరుగుదలా తక్కువ. నికెల్‌ది 30 వేల కిలోమీటర్లు అనుకుంటే ఇరిడియంది లక్ష దాకా పోవచ్చు. బండి ఇరిడియంతో వచ్చి ఉంటే ఇరిడియమే వెయ్యి. నికెల్‌తో వచ్చిన పాత బండికి ఇరిడియం వేస్తే మైలేజి ఎగిరి గంతేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మార్చే పని తగ్గుతుంది, అంతే లాభం. ఇరిడియం మొనను ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు, దాని గ్యాప్‌తో చెలగాటం వద్దు.

ఆ తెల్ల పింగాణీ ఉంది చూడు, అది టీ కప్పు పింగాణీ కాదు. చానా మటుకు అల్యూమినా. సాన పట్టే కురువిందం అదే, కెంపు అదే, నీలం అదే, రంగు తేడా లోపల కలిసిన ఇతర లోహాలది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా. వాళ్ళకు దొరికిందో లేదో గానీ, కెంపు సరుకు నీ ఇంజన్‌లో నాలుగు చోట్ల ఉంది. ఆ పింగాణీని కింద పడేస్తే కంటికి కనబడని చీలిక పడుతుంది, రవ్వ ఆ చీలికలోంచి పారిపోతుంది. కింద పడిన ప్లగ్గు వాడవద్దు.

ప్లగ్గు పేరులో 'ఆర్' అక్షరం ఉందా చూసుకో, బీపీఆర్6ఈఎస్‌లో ఉన్నట్టు. అది రెసిస్టరు గుర్తు, లోపల దాదాపు 5000 ఓములు ఉంటుంది. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో కేంద్రమే. వెనకటికి ఆకాశవాణి కడపలో వార్తలు వింటుంటే వీధిలో స్కూటరు పోయినప్పుడు రేడియో గరగరమనేది, అది ఈ రవ్వ చేసే అల్లరే. ఇప్పుడు ఆ అల్లరి రేడియోకే కాదు, ఇంజన్ కంప్యూటరుకూ చెరుపు. 'ఆర్' చెప్పిన బండికి 'ఆర్' లేనిది వేయవద్దు. అట్లాగే మరల పొడుగు. పొట్టిది వేస్తే మిగిలిన మరల్లో కార్బన్ పేరుకుంటుంది, పొడుగుది వేస్తే పిస్టనుకే తగలవచ్చు.

నకిలీలు కూడా ఉన్నాయి. నడి మొన పక్కకు ఒరిగి ఉన్నా, అచ్చు చెరిగినట్టున్నా, వాషరు వేలితో లాగితే ఊడివస్తున్నా తిరిగి ఇచ్చేయ్. రేటు మరీ తక్కువగా ఉందంటేనే అనుమానించాలి.

విప్పేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ వేడి మీద ఉంటే మరలు ఊడొస్తాయి. విప్పే ముందు సైకిలు పంపుతో ప్లగ్గు గుంతలో గాలి కొట్టు. మన బండ్ల గుంతల్లో పిడికెడు దుమ్ము ఉంటుంది, ప్లగ్గు తీసిన మరుక్షణం అదంతా సిలిండరులోకే రాలుతుంది. కొత్తది స్పానరుతో మొదలుపెట్టవద్దు, చేత్తోనే తిప్పు. అడ్డంగా పట్టుకుంటే వేళ్ళకు తెలుస్తుంది, స్పానరుకు తెలియదు. వాషరు ఆనేదాకా చేత్తో పోయి, ఆ తర్వాత స్పానరుతో అర చుట్టు, మహా అయితే ఇంకాస్త. వాషరు లేకుండా ఏటవాలు అంచుతో వచ్చేవాటికి అంత అక్కరలేదు, చుట్టులో పదహారో వంతు చాలు. వైర్లు ఏది దేనికో ముందే గుర్తు పెట్టుకో. తగిలించినప్పుడు టక్కుమని కూర్చోవాలి. నాలుగూ మార్చినాక కూడా మిస్సింగ్ కొడితే, ఇంకో సెట్టు కొనవద్దు, కాయిల్ విప్పి తీసుకురా.